గుడ్డ దాటిన విమానం

కోవిల్‌పట్టి నుంచి పుదూరు వైపు బండిబాటలో పోతే జక్కలపట్టి వస్తుంది. వానాకాలంలో ఆ బాట పట్టినవాడు చెప్పులు చేత్తో పట్టుకుని బయల్దేరి, ఊరు చేరేసరికి వాటిని కూడా ఎక్కడో పోగొట్టుకుంటాడు. నల్లరేగడి అంటే అంతే. తడిస్తే కాలు వదలదు, ఎండితే మోచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుకుంటుంది. అలాంటి నేల నడుమ, ఏ దేవత దయ తలచిందో గానీ, ఊరికి తూర్పున చదునైన గరుసు నేల ఒకటి విశాలంగా పరుచుకుని ఉంది. ఎంత వాన కురిసినా అక్కడ బురద ఉండదు, ఎంత ఎండ కాసినా నేల పగలదు. మీద పలచగా, తియ్యటి గడ్డి.

ఆ నేల ఊరి దేవత జక్కమ్మ మందది. నిజానికి అది సర్కారు నేలేనని ఊళ్ళో అందరికీ తెలుసు. సర్కారుకే ఆ సంగతి గుర్తున్నట్టు లేదు, పనిగట్టుకుని గుర్తు చేయడానికి ఊరివాళ్ళేమీ వెర్రివాళ్ళు కారు.

మంద అంటే మామూలు మంద కాదు. జక్కలపట్టి కంబళత్తు నాయకర్ల ఊరు. ఎన్నో తరాల కిందట తెలుగుదేశం వదిలి, గొడ్లను తోలుకుంటూ దక్షిణాదికి వచ్చి స్థిరపడ్డ జనం. ఇంటికొకటి చొప్పున దేవతకు వదిలిన ఆవులూ ఎద్దులూ కలిసి ఆ మంద అయింది. వాటిని నాగలికి కట్టరు, బండికి పూన్చరు, పాలు పిండరు. అవి చేయవలసిన పని ఏడాదికి ఒక్కటే. మాసి నెలలో, అంటే మాఘం వెళ్ళే రోజుల్లో, పండుగనాడు మందను దూరాన నిలబెట్టి, ఈ కొసన నేల మీద అడ్డంగా పొడుగాటి తెల్లగుడ్డ పరిచి, దాని మీద పసుపు చల్లి, ఉరుమి డోలు వాయిస్తారు. ఆ మోత వినగానే మందంతా పరుగెత్తి వస్తుంది. గుడ్డను ముందు దాటిన గొడ్డుకు నుదుట పసుపు, ముందర నిమ్మకాయ. అది ఏ ఇంటివాళ్ళు వదిలిన గొడ్డో, వాళ్ళ తావులోనే ఆ ఏడాదంతా రాత్రిళ్ళు మందకు పడక. మంద పడుకున్న చేలో మరుసటేడు పత్తి ఎట్లా విరగకాస్తుందో అందరూ చూసినదే కనుక, దేవత మీద భక్తితోపాటు ఆ ఆశ కూడా జనానికి బాగానే ఉండేది.

ఈ మందకు కాపరి తిరుపతిసామి. తండ్రి తరవాత ఆ పని అతనికి వచ్చింది. చెప్పులు తొడగడు, అబద్ధమాడడు. ఈ రెండూ కాపరికి కట్టుబాట్లు. ఎందుకంటే పరుగునాడు గుడ్డ అంచున కూర్చుని, ఏ గొడ్డు కాలు ముందు పడిందో చెప్పేది కాపరే. అతను చెప్పాక ఇక మాట లేదు. ఇంతకాలంగా తిరుపతిసామి ఎందరి గొడ్లనో గెలిపించాడు గానీ, సొంత ఇంటి గొడ్డు ఒక్కసారీ గుడ్డ ముందు దాటలేదు. అతని భార్య వీరమ్మాళ్‌కు ఇది గుండెలో ముల్లు. ఆమె ఊరిపెద్ద కందసామి నాయకర్‌కు సొంత చెల్లెలు. పుట్టింటి ఎద్దులు గెలిచి గెలిచి విసుగెత్తిపోయాయి. ప్రతి పండుగకూ వదినగారు పనిమాలా వచ్చి, "ఏమి వీరమ్మా, మీ గొడ్డు ఇంగా వస్తా ఉండాదా?" అని అడిగి పోయేది.

పంతొమ్మిది వందల ముప్పై ఆరో సంవత్సరంలో, వానలు వెనకపట్టిన రోజుల్లో, రామసుబ్బు అనే ఓవర్సీరు గొడుగు వేసుకుని జక్కలపట్టికి వచ్చాడు. విరుదునగర్ మనిషి. ఆ ఊరికి పేరు మారి ఏళ్ళవుతున్నా జక్కలపట్టి ముసలివాళ్ళకు అది ఇంకా విరుదుపట్టే, కనుక ఇతను వాళ్ళకు విరుదుపట్టి అయ్య. సన్నగా, ఎప్పుడూ ఏదో పోగొట్టుకున్నవాడిలా ఉండేవాడు. గరుసు నేలంతా కలయతిరిగి, మడమతో నాలుగు చోట్ల తన్ని చూసి, మేకులు పాతడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, ఇదేమి?" అని అడిగాడు తిరుపతిసామి.

రామసుబ్బుకు తెలుగు రాదు. అరవంలోనే ఓపికగా చెప్పాడు. "విమానం, నాయక్కరే. టపా మోసుకుని ఆకాశాన పోతుంది. దారిలో గాలివానో, ఇంజనుకు జబ్బో వస్తే దిగడానికి గట్టి నేల కావాలి. నల్లమట్టిలో దిగితే దాన్ని మళ్ళీ లేపడం దేవుడి తరం కూడా కాదు. ఎక్కడెక్కడో వెతికాను. ఈ నేలే దొరికింది."

"మందకూ ఈ నేలే దొరికిండాది, అయ్యా."

రామసుబ్బు గొడుగు ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు. "విమానాలు దిగేచోట పశువులు ఉండకూడదు. తనిఖీ దొర వచ్చి చూసి సరే అన్న రోజు నుంచీ మంద ఇక్కడ కాలు పెట్టకూడదు."

 తిరుపతిసామి నేరుగా బావ ఇంటికి పోయాడు. కందసామి నాయకర్ అరుగు మీద తమలపాకు నములుతూ అంతా విని, "సర్కారు నేల, సర్కారు అడిగె. మనమేమి సేసేది?" అన్నాడు. "పుదూరు పక్కన మనోళ్ళ ఊరు ఇంగొకటి ఉండాది గదా. మందను ఆడికి తోలేస్తాము."

"ఆడ కాపరి ఉండాడు, బావా."

"ఉండనీ. నువ్వు ఈడ సుకముగా కూర్చో. ఎంతకాలమని ఎండలో తిరుగుతావు?"

ప్రేమతోనే అన్నాడు. ఆ ప్రేమకు తిరుపతిసామి గుండె జారిపోయింది. వానాకాలంలో రేగడిలో నిలబడితే గొడ్ల గిట్టలు చీకిపోతాయి, ఎండాకాలంలో నెర్రెల్లో కాళ్ళు విరుగుతాయి. ఊళ్ళో గరుసు నేల ఇంకొకటి లేదు. అది పోతే మంద పోతుంది. మంద పోతే, పొద్దున్నే లేచి తను ఎటు నడవాలో అతనికి తెలియదు.

అయినా రామసుబ్బు మీద కోపం తెచ్చుకోవడం అతనివల్ల కాలేదు. ఆ మనిషి ఊరి చావడిలో దిగి, వీరమ్మాళ్ పెట్టిన సజ్జకూడు తిని, మజ్జిగ తాగి, "అమ్మా, మా ఇంట్లో కూడా ఇలా చెయ్యరు," అని కళ్ళనీళ్ళ పర్యంతం అయ్యేవాడు. నేల చదును చేయించాడు, ముళ్ళపొదలు కొట్టించాడు. గడ్డి మాత్రం కొట్టించలేదు. మంద దాన్ని నున్నగా మేసి పెడుతుంటే ఇంకెవరు కొట్టాలి?

"నీ మంద లేకపోతే ఈ గడ్డికి నేనెక్కణ్ణుంచి కూలీలను తెచ్చేవాణ్ణి, నాయక్కరే," అన్నాడు ఒకనాడు.

"ఆ మాట దొరతో సెప్పండి, అయ్యా."

"చెప్పి చూస్తాను," అన్నాడు రామసుబ్బు. దొరతో మాట్లాడేటప్పుడు అతను నీళ్ళు నములుతాడని తిరుపతిసామి అప్పటికే కనిపెట్టాడు కనుక ఆ మాట మీద పెద్దగా ఆశ పెట్టుకోలేదు.

మాసి నెల మొదట్లో, పండుగ ఇంకా రాకముందే, తనిఖీ దొర వస్తున్నాడని కబురొచ్చింది. దొర విమానంలోనే వస్తాడట, తనే నడుపుకుంటూ. రామసుబ్బుకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. తూర్పు కొసన గట్టి నేల ఎక్కడ ఆగిపోయి రేగడి మొదలవుతుందో దొరకు పైనుంచి తెలియాలి. అందుకు ఆ కొసకు కొంత ఇవతలే నేల మీద అడ్డంగా పరవడానికి తెల్లటి కిత్తాను గుడ్డ ఇచ్చారు. ఆ గుడ్డను అతను విరుదునగర్‌లో ఇంట్లోనే మరిచి వచ్చాడు. పొద్దున్నే తల పట్టుకుని చావడి మెట్ల మీద కూర్చున్నాడు.

కందసామి నాయకర్ పెద్దమనిషి. ఊరికి వచ్చిన అతిథి మాట పోతే ఊరి మాట పోయినట్టే అనుకునే మనిషి. "తెల్లగుడ్డ గదా కావాలి? మా దగ్గిర ఉండాది," అని పండుగ గుడ్డ తీసి ఇచ్చేశాడు. ఊళ్ళో అంత పొడుగాటి తెల్లగుడ్డ అదొక్కటే.

ఇక్కడ తిరుపతిసామి అడ్డు చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. గుడ్డ ఒక్కటే చూసి మంద కదలదు, ఉరుమి మోగాలి అనుకున్నాడు. పైగా మందను పడమటి దొడ్డిలో తోలి ముళ్ళకంప అడ్డం పెట్టి వచ్చాడు. గాలికి గుడ్డ లేవకుండా ఒక కొసన తను, రెండో కొసన వీరమ్మాళ్ రాళ్ళు పెట్టి కూర్చున్నారు. మొగుడూ పెళ్ళాలు ఆ గుడ్డకు కాపలా ఉండటం చూస్తే ఎవరికైనా పండుగే అనిపిస్తుంది. వాళ్ళకు మాత్రం పీనుగ దగ్గర కూర్చున్నట్టే ఉంది.

కందసామి నాయకర్ చేసిన రెండో మర్యాద ఎవరికీ తెలియదు. ఆకాశం నుంచి దిగి వచ్చే దొరను వట్టి చేతులతో ఎదుర్కోవడం ఏం బాగుంటుంది? ఉరుమి వాళ్ళను పిలిపించి చింతచెట్టు కింద సిద్ధంగా ఉంచాడు.

పొద్దెక్కాక ఉత్తరాన మోత వినిపించింది. జనం ముక్కున వేలేసుకుని చూస్తుండగా విమానం ఊరి మీద ఒక చుట్టు తిరిగి, పడమటి కొసన నేలకు వంగింది. దాని చక్రాలు గరుసును తాకిన క్షణాన ఊరిపెద్ద చెయ్యి ఊపాడు. ఉరుమి మోగింది.

తిరుపతిసామి రెండు చేతులూ ఊపాడు. "బావా! ఆపించు! ఆపించు!" అని అరిచాడు. ఆ మోతలో ఎవరికి వినబడుతుంది?

పడమటి దొడ్డిలో గొడ్లు చెవులు నిక్కబొడిచాయి. ఎదురుగా తెల్లగుడ్డ. ఉరుమి. పుట్టిన దగ్గర్నుంచీ వాటికి తెలిసిన పండుగ అది. ముళ్ళకంప ఎటు పోయిందో, మందంతా ఒక్కసారిగా గరుసు నేల మీదికి విరుచుకుపడింది. ముందు విమానం, పక్కనే మంద. రెండూ ఒకే గుడ్డ వైపు. విమానం పరుగు తగ్గుతోంది, మంద పరుగు హెచ్చుతోంది. దొర ఒకసారి పక్కకు చూశాడు. చూసి చటుక్కున ఇంజను ఆపేశాడు. ముక్కున ఉన్న పంకా గిరగిరా తిరిగి, తిరిగి, నిలిచిపోయింది. విమానం మాత్రం ఆ ఊపున దొర్లుతూ వస్తూనే ఉంది.

మందలోంచి ఒక ఎద్దు విడిపడి ముందుకు వచ్చింది. ఎర్రటి సెవల ఒళ్ళు, నుదుట తెల్లబొల్లి. తిరుపతిసామి కళ్ళు నులుముకున్నాడు. అది బొల్లి. తన ఇంటి ఎద్దు. ఏటా మంద నడుమ తీరిగ్గా వచ్చే బొల్లి ఈవేళ ఆ ఇనుప గొడ్డు మోతకు బెదిరిందో, మురిసిందో, తోక ఎత్తి దూకుతోంది. ఎద్దూ విమానమూ కలిసే గుడ్డ మీదికి వచ్చాయి. దుమ్ము లేచి ఊరివాళ్ళకు ఏమీ కనబడలేదు.

గుడ్డ అంచున కూర్చున్న తిరుపతిసామికి కనబడింది. బొల్లి ముందరికాలు గుడ్డ అవతల పడింది. ఆ తరవాత, జానెడు వెనకగా, చక్రం దాటింది.

దుమ్ము అణిగింది. విమానం నిలబడి ఉంది. దాని చుట్టూ మందంతా నిలబడి రొప్పుతోంది. ఒక ముసలావు విమానం రెక్కను నాకి చూసి, ఉప్పు లేదని తెలిసి తల తిప్పుకుంది. దొర తను కూర్చున్న తొట్టిలోంచి దిగకుండా, దిగడానికి చోటు లేక, కళ్ళద్దాలు నుదుటికి తోసుకుని చూస్తున్నాడు. ఎర్రటి మొహం మనిషి. రామసుబ్బు గొడుగు కింద పడేసి రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు.

ఎవరూ ఏమీ అనకముందే కందసామి నాయకర్ గొంతు సవరించుకున్నాడు. "గుడ్డ పరిచినాము. ఉరుమి కొట్టినాము. మంద పరిగెత్తె. అమ్మ ఈ ఏడు ముందే పిలిచిండాది. ఇది పరుగే." పెద్దలంతా తలలూపారు. కాదనడానికి ఏముంది? అతను తిరుపతిసామి వైపు తిరిగాడు. "కాపరీ, సెప్పు. ఎవరు ముందు?"

జనమంతా అతని వైపు చూశారు. ఇంతకాలం కోరుకున్న మాట నాలుక మీదే ఉంది. బొల్లి అంటే చాలు. నిమ్మకాయ తన ఇంటికి వస్తుంది. వీరమ్మాళ్ తల ఎత్తుకుని తిరుగుతుంది. మంద తన తావులో పడుకుంటుంది. అయితే తన తావు ఏమిటి, ఇంటి వెనక చారెడు రేగడి. వాన పడితే అందులో మంద ఎన్నాళ్ళు నిలుస్తుంది? ఆపైన పుదూరే. అలా కాక విమానం గెలిస్తే? గెలిచినవాడి తావు మందది. విమానం తావు ఈ గరుసు నేల.  కాపరి అబద్ధమాడడు. కానీ కాపరి ఉన్నది మంద కోసం కదా.

"ఇమానము," అన్నాడు తిరుపతిసామి.  "ఇమానమే ముందు దాటె. నా కండ్లతో సూస్తిని."

జనం గొల్లున నవ్వారు. నాయకర్ ఒక్క క్షణం ఆలోచించాడు, మరుక్షణం పళ్ళెం తెమ్మన్నాడు. కట్టుబాటు కట్టుబాటే. విమానం ముక్కుకు పసుపు పూశారు. చక్రం ముందు నీళ్ళు పోశారు. నిమ్మకాయను దొర అరచేతిలో పెట్టారు. దొర దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తరవాత రామసుబ్బును పిలిచి ఏదో అడిగాడు.

రామసుబ్బు మామూలుగా నీళ్ళు నమలబోయాడు. ఊరంతా అతన్నే చూస్తోంది. తిరుపతిసామి మరీ చూస్తున్నాడు. ఏమనుకున్నాడో, కింద పడ్డ గొడుగు తీసుకుని, దాన్ని చేతికర్రలా నేలకు ఆనించి, ఇంగ్లీషులో గబగబా చెప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు చెప్పాడు. చేత్తో గడ్డి చూపించాడు, మందను చూపించాడు, గుడ్డను చూపించాడు. చివర్న మళ్ళీ మందనే చూపించి ఆపాడు.

దొర పగలబడి నవ్వాడు. తొట్టి అంచు మీద చెయ్యి వేసుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"ఏమంటాడయ్యా?" అన్నాడు నాయకర్.

"నేను గెలిచానా అంటున్నాడు." రామసుబ్బు మొహం వెలిగిపోతోంది. "గెలిస్తే మంద నా తావులోనే, అంటే ఇక్కడే కదా పడుకోవాలి అంటున్నాడు. ఇంత నున్నటి గడ్డి తను ఇంకెక్కడా చూడలేదట, దీన్ని కోసేవాళ్ళను పంపించేయడమెందుకు అంటున్నాడు. విమానం మోత వినబడగానే మందను పక్కకు తోలే పూచీ కాపరిదే. విమానం దిగేటప్పుడు గుడ్డ మాత్రం ఇంక వద్దట. సున్నంతో గీత గీయాలట. ఆ డోలు కూడా..." అని నాయకర్ వైపు భయంగా చూశాడు. "ఆ డోలు కూడా వద్దట."

నాయకర్ మొహం మాడ్చుకున్నాడు గానీ, అప్పటికే జనం కేకలతో అతని మొహాన్ని ఎవరూ చూడలేదు.  తిరుపతిసామి కళ్ళు తడిశాయి. సంతోషం పట్టలేక నవ్వుతూ, మందలోకి పోయి ఒక్కో గొడ్డు వీపునూ తడుముతూ తిరిగాడు. విమానం మళ్ళీ లేచి పోయేటప్పుడు మందను పక్కకు తోలింది కూడా అతనే. గొడ్లు చాలా సులువుగా కదిలాయి.

సాయంత్రం మంద గరుసు నేల మీద పడుకుంది. ఎండ తగ్గి, పత్తిచేల మీదుగా చల్లటి గాలి వస్తోంది. వీరమ్మాళ్ అతనికి కూడు తెచ్చి పెట్టింది. అతను తింటుంటే ఎదురుగా నిలబడే ఉంది.

"మా వదిన వచ్చి పోయె," అంది. "ఇనుప గొడ్డు కూడా గెలిచె గానీ మీ గొడ్డు గెలవలేదే అనె."

తిరుపతిసామి తల వంచుకుని తిన్నాడు. 

"గుడ్డ ఆ కొసన నేనే గదా కూర్చునుంటిని," అంది వీరమ్మాళ్. "బొల్లి కాలు ముందు పడె. నేనూ సూస్తిని."

అతను చటుక్కున తల ఎత్తాడు. "సూస్తివా? మరి నోరెత్తక పోతివేమి? నీ అన్నే గదా అడిగింది. ఒక్క మాట సెప్పింటే..."

"సెప్పింటే మంద పోయుండును. నువ్వూ పోయుందువు."

"నేనేడికి పోతాను?"

"ఒళ్ళు ఈడనే ఉండును, మనసు మంద ఎనక పోయుండును. నాకు తెల్వదా?" వీరమ్మాళ్ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఇన్ని నెలలుగా కూడు దిగలేదు నీకు. ఈవేళ పొద్దున మందలో తిరుగుతా నవ్వితివి. నాకు అది సాలు. నిమ్మకాయ ఎవురికి కావాలి?"

తిరుపతిసామి పడుకున్న మంద వైపు చూశాడు. "జక్కమ్మకు కోపమొస్తాదేమో," అన్నాడు చిన్నగా.

"వస్తే నా మీద కూడా రానీ. ఇద్దరమూ కదా సూస్తిమి."

ఆ మాటతో అతని గుండెలోని బరువు సగం దిగిపోయింది. పక్కకు జరిగి చోటిచ్చాడు. ఆమె గరుసు మీద చతికిలబడి, అతని చేతిలోని గిన్నె తీసుకుని, మిగిలిన కూడు ముద్దలు చేసి అతనికి పెడుతూ, రేపు వదిన మళ్ళీ వస్తే ఏమనాలో ఆలోచించసాగింది.